పరాయి వంటింట్లో మావారు

నిడదవోలు చుట్టుపక్కల ఇరవై ఏళ్లుగా జరిగిన పెళ్లిళ్లలో కొన్ని వందలకి నేను వెళ్లకుండానే వెళ్లాను. ఎవరూ భోజనం మాత్రం పెట్టలేదు. మావారిది వీడియో ఎడిటింగ్ పని, మా ముందుగదే ఆయన ఆఫీసు. గోడకి ఇవతల నేను తాలింపు వేస్తుంటే అవతల ఎవరో పెళ్లికూతురు అప్పగింతల దగ్గర ఏడుస్తూ ఉంటుంది. ఒక్కసారి కాదు, అదే ఏడుపు ముందుకీ వెనక్కీ పాతికసార్లు. కొత్తలో నాకూ కళ్లనీళ్లు వచ్చేవి. ఇప్పుడు "ఆ అమ్మాయిని ఇంక వదిలెయ్యండీ, అన్నం చల్లారిపోతోంది" అని కేకేస్తాను.

మా వైపు ఈ పనిని పెద్దవాళ్లు ఇప్పటికీ "మిక్సింగ్" అనే అంటారు. క్యాసెట్ల రోజుల్లో రెండు వీసీఆర్‌లు, మధ్యలో ఒక మిక్సర్ పెట్టుకుని చేసేవారు కదా, ఆ పేరు అలా ఉండిపోయింది. నా పెళ్లి క్యాసెట్టులో నేను తామరపువ్వులోంచి పైకొస్తాను, ఈయన హృదయం ఆకారంలోంచి తొంగిచూస్తారు. అది చేసింది ఈయనకి పని నేర్పిన గురువుగారే. ఆ తర్వాత చిన్న డీవీ టేపులు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి, ఎడియస్ వచ్చింది. మన దగ్గర పెళ్లి వీడియోలు చేసేవాళ్లలో చాలామంది చెయ్యి తిరిగింది దానిమీదే. ఈయన దానిమీద ఎంత వేగం సంపాదించారంటే, కీబోర్డు వంక చూడగా నేనెప్పుడూ చూడలేదు. ఎన్ నొక్కితే ముక్కకి తల తెగుతుంది, ఎమ్ నొక్కితే తోక తెగుతుంది, ఖాళీ దానంతటదే పూడుకుంటుంది. నేను బీరకాయ చెక్కు తీసేంత తేలిగ్గా చేసేవారు. మూడు రోజుల్లో ఒక పెళ్లి అయిపోయేది. జీతం కాదు కదండీ, పెళ్లికింత అని లెక్క. ఆ వేగమే మా ఇంట్లో బియ్యం, స్కూలు ఫీజూను.

మరి ఎందుకు మార్చవలసి వచ్చిందంటే, కెమెరాలు మారాయి. స్టూడియోల కుర్రాళ్లు ఇప్పుడు "లాగ్" అని ఒక పద్ధతిలో తీస్తున్నారు. ఆ బొమ్మ మొదట చూస్తే కంచిపట్టు చీర కూడా ఉతికి ఉతికి వెలిసిపోయినట్టుంటుంది. దానికి తర్వాత రంగు తెప్పించాలి. పెళ్లివాళ్లకి మూడు గంటల వీడియో కన్నా మూడు నిమిషాల సినిమాలాంటి టీజరు కావాలి, ఫోనులో నిలువుగా చూసుకునే రీలు ఆ సాయంత్రానికే కావాలి. రంగుల పనికి పేరున్నది డావిన్చీ రిజాల్వ్. ఒకప్పుడు సినిమా ల్యాబుల్లో లక్షల డాలర్లు పోసి పెట్టుకునే యంత్రమట అది. 2009లో బ్లాక్‌మ్యాజిక్ అనే ఆస్ట్రేలియా కంపెనీ కొనుక్కుని, తర్వాత ఎవరైనా ఉచితంగా దింపుకునేలా ఒక రకం విడుదల చేసింది. ఎడిటింగ్ కూడా అందులోనే అయ్యేలా ఏటా పెంచుతూ వచ్చింది. మాకు పనిచ్చే ఒక స్టూడియో ఆయన "శ్రావణం నుంచి అంతా దాంట్లోనే కావాలండీ" అని మర్యాదగానే చెప్పారు. చేయకపోతే ఏమవుతుందో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

సాఫ్ట్‌వేరు ఉచితమే, దాన్ని మోసే కంప్యూటరు ఉచితం కాదు. గ్రాఫిక్స్ కార్డు అని ఒకటుంటుంది, దాని ధర విని మా అత్తయ్యగారు "కార్డుకా, కారుకా?" అన్నారు. నల్లపూసల గొలుసు మార్పించుకుందామని నేను వేస్తున్న చీటీ ఉంది. పాడేశాం.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి ఆ నెలంతా నేర్చుకోవడానికి పెట్టుకున్నారు. ఆషాఢంలో కొత్త కోడళ్లు పుట్టింటికి వెళతారు కదా, మా ఇంట్లో మాత్రం నలభై తొమ్మిదేళ్ల మనిషి కొత్త కోడలయ్యారు. నాకు అలాగే అనిపించింది. అత్తారింట్లో మొదటిరోజు గుర్తుందా మీకు? వంట రాక కాదు. పుట్టింట్లో ఇరవైమందికి వండిన చెయ్యే. కానీ పోపుల డబ్బా ఎక్కడుందో తెలీదు, ఉప్పు అనుకుని తీస్తే పంచదార, ఏ గిన్నె దించబోయినా పక్కగిన్నె పడుతుంది, వెనకాల నలుగురు చూస్తుంటారు. సరిగ్గా అదే.

ఎన్, ఎమ్ మీటలకి రిజాల్వ్‌లో వేరే పనులున్నాయి. ఎమ్ నొక్కితే ముక్క తెగదు, అక్కడొక నీలం గుర్తు పడుతుంది. ఈయన వేళ్లేమో అలవాటు కొద్దీ ఎమ్ దగ్గరికే పోతాయి. సాయంత్రానికి తెరనిండా నీలం చుక్కలు, ఆవాల డబ్బా ఒలికినట్టు. మీటల్ని మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు గానీ, ఈయన ఒప్పుకోలేదు. "రేపు ఇంకో స్టూడియోలో కూర్చోవలసి వస్తే?" అన్నారు. మారనివి మూడే మీటలు, జె, కె, ఎల్. వెనక్కి, ఆగు, ముందుకి. ఏ సాఫ్ట్‌వేరులోనైనా అవే. నేను రాత్రిళ్లు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు ఆయన చేత షార్ట్‌కట్లు అప్పజెప్పించుకునేదాన్ని. మా అమ్మాయి కాగితమ్మీద రాసిచ్చి ఫ్రిజ్‌కి అంటించింది. నాకూ సగం వచ్చేశాయి.

నేర్చుకోవడం కష్టమని ఆయన ఒక్కసారీ అనలేదు. ఒకరోజు మాత్రం స్టూడియో కుర్రాడొచ్చి, ఈయన వెతుక్కుంటున్న మెనూని మౌసు లాక్కుని ఠక్కున తీసి చూపించి వెళ్లాడు. పాపం వాడు మర్యాదస్తుడే, "బాబాయ్" అనే పిలుస్తాడు. ఆ పూట ఈయన టీ కూడా తాగలేదు. కాలవగట్టు మీద చీకటిపడేదాకా నడిచొచ్చారు. ఇరవై ఏళ్లుగా ఈ వీధిలో ఎవరికి ఏ వీడియో సందేహం వచ్చినా మా గుమ్మం ముందే చెప్పులు విడిచేవారు మరి.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదని తర్వాత తెలిసింది. 2011 జూన్‌లో ఆపిల్ వాళ్లు ఫైనల్ కట్ ప్రోని మొత్తం మార్చి కొత్తది తెస్తే, అది పాత ప్రాజెక్టుల్ని తెరవలేకపోయింది. ప్రపంచంలో పేరున్న ఎడిటర్లంతా గోలపెట్టారు, పిటిషన్లు పెట్టారు. చివరికి కంపెనీ పాతదాన్ని మళ్లీ కొన్నాళ్లు అమ్మవలసి వచ్చింది. థెల్మా స్కూన్‌మేకర్ అని పెద్దావిడ ఉన్నారు, హాలీవుడ్‌లో స్కోర్సెసీ సినిమాలు చాలావరకు ఆవిడ చేతిమీదుగా వచ్చినవే. 1995లో "క్యాసినో" సినిమాకి ఫిల్ము కత్తిరించడం మాని కంప్యూటరుకి మారారు. లైట్‌వర్క్స్ నేర్చుకున్నారు, అందరూ ఇంకోదానికి వెళ్లినా ఆవిడ చాలాకాలం దాన్నే పట్టుకున్నారు. నాకు ఆవిడ నచ్చారు. వాల్టర్ మర్చ్ అనే ఆయన "ది ఇంగ్లిష్ పేషెంట్"ని ఫిల్ము మీద మొదలుపెట్టి, ఇంట్లో అనారోగ్యం వల్ల ఇంటిపట్టునే ఉండవలసి వచ్చి, మధ్యలో ఎవిడ్ కంప్యూటరుకి మార్చుకున్నారట. దానికి 1997లో ఆస్కార్ వచ్చింది. ఆయన నిలబడే ఎడిటింగ్ చేస్తారు, వంటవాళ్లూ డాక్టర్లూ నిలబడే కదా పనిచేసేది అని. ఈ మాట మావారికి చెబితే "నడుంనొప్పి తగ్గుతుందేమో" అన్నారు, అంతే.

మన శ్రీకర్ ప్రసాద్ గారి ప్రయాణమూ అంతే. మన ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ గారికి బంధువే ఆయన. రీళ్ల కాలంలో మొదలుపెట్టి, కంప్యూటర్ల కాలంలోనూ జాతీయ అవార్డులు తెచ్చుకుంటూనే ఉన్నారు.

శ్రావణం మధ్యలో కొవ్వూరు వైపు నుంచి ఒకాయన ఫోను చేశారు. ఐదేళ్ల క్రితం వాళ్లమ్మాయి పెళ్లి మావారే చేశారు. పెళ్లికూతురి తాతగారు పోయారట. పెద్దకర్మ నాటికి ఆయన ఉన్న ముక్కలన్నీ ఒకచోట చేర్చి ఇవ్వగలరా అని అడిగారు. పాత ఎడియస్ ప్రాజెక్టుని కొత్తదాంట్లోకి పంపితే కోతల లెక్క వరకూ వెళుతుంది గానీ టైటిళ్లూ హంగులూ వెళ్లవు. పాత సిస్టంని ఎక్స్ఛేంజిలో ఇచ్చేస్తే నాలుగువేలు తగ్గిస్తామన్నారు అప్పట్లో. ఈయన ఇవ్వలేదు. మంచం పక్కన దుప్పటి కప్పి ఉంచారు. దుప్పటి తీశారు.

వీడియోలో తాతగారు రెండుచోట్లే ఉన్నారు. మిగతాదంతా వాడని ముక్కల్లో ఉంది, అది ఈయనకి గుర్తుంది! "తలంబ్రాలప్పుడు స్తంభం పక్కన నిలబడి కండువాతో కళ్లు తుడుచుకున్నారు, రెండో కెమెరాలో ఉంటుంది" అన్నారు. ఉంది. గాడిపొయ్యి దగ్గర వంటవాళ్ల మీద కేకలేస్తున్నది ఉంది. కాశీయాత్రలో పెళ్లికొడుకు గొడుగు తిరగబడితే పడీపడీ నవ్వింది ఉంది. ఆ ముక్కల్ని తీసి, కొత్తదాంట్లో వేసి, రాత్రి రెండింటిదాకా కూర్చున్నారు. స్టేషన్ వైపు నుంచి రైలు కూతలు వినిపిస్తుంటే నేను గుమ్మంలో కూర్చుని చూశాను. ఆవాలు ఒలుకుతూనే ఉన్నాయి, కానీ ఈయన వాటిని ఏరుకోవడం మానేశారు. చివర్న టైటిల్ వేస్తూ "జిల్లా ఏం రాయను?" అన్నారు. పెళ్లప్పుడు మేమంతా పశ్చిమ గోదావరి, 2022 ఏప్రిల్ నుంచి తూర్పు గోదావరి. జిల్లా వద్దు, ఊరి పేరు చాలన్నాను.

పన్నెండు నిమిషాలు వచ్చింది. డబ్బు తీసుకోలేదు.

స్టూడియో కుర్రాడు ఇప్పుడు వారానికి రెండుసార్లు వస్తున్నాడు. రంగులు వాడు చూపిస్తాడు, ఏ ముక్క ఉంచాలో ఈయన చెబుతారు. "ఇది తీసెయ్యకురా, ఈవిడ పెళ్లికొడుకు మేనత్త, ఒక్కచోటే నవ్వింది" అంటుంటారు. మూడు రోజుల పెళ్లికి ఇప్పటికీ నాలుగున్నర రోజులు పడుతోంది. ఆ రోజున్నర తేడా ఈ సీజనుకి మా ఖర్చుల పుస్తకంలో బాగానే కనిపిస్తోంది. కొత్త చీటీ మొదలుపెట్టాను, ఈసారి పేరు నల్లపూసలదే. ఫ్రిజ్ మీద కాగితం ఇంకా తియ్యలేదు.