పేరు తెలియక చూసిన బొమ్మలు

భారతీయ యానిమేషన్‌కు పెద్దదిక్కుగా పేరొందిన రామ్ మోహన్ (1931–2019) చిత్రాలను ఒక్కటీ వదలకుండా సేకరించాలని దివిసీమలోని అవనిగడ్డలో ఎవరైనా పూనుకుంటే, ఆ ఊరి పాత ప్రేక్షకులు వాటిలో కొన్నిటిని ఆయన పేరైనా ఎరుగకుండా ఎన్నడో చూసి ఉంటారన్న సంగతిని మొదట గుర్తుంచుకోవాలి. ప్రభుత్వం ఆమోదించిన లఘుచిత్రాలను అసలు సినిమాకు ముందు హాళ్లు విధిగా వేయవలసిన రోజుల్లో, జనం వాటన్నిటినీ కలిపి న్యూస్ రీలు అనేవారు. బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్ నిర్మించి, తెలుగుతో సహా పలు భాషల్లో ఊరూరికీ పంపిన ఆ రీళ్ల మధ్యే బొమ్మల చిత్రాలూ వచ్చేవి.

ఆ సంస్థలో 1956లో ఏర్పడిన కార్టూన్ విభాగానికి, డిస్నీ స్టూడియోలో పనిచేసిన క్లేర్ వీక్స్ శిక్షకుడిగా రాగా, ఆయన దగ్గర పని నేర్చిన తొలి బృందంలో రామ్ మోహన్ ఒకరు. ఆ విభాగం 1957లో తీసిన ‘ద బ్యానియన్ డీర్’ జాతకకథ, అంటే బుద్ధుడి పూర్వజన్మ వృత్తాంతం, కాబట్టి ఘంటసాల బౌద్ధ స్తూపాన్ని చెంతనే ఉంచుకున్న దివిసీమవారికి అది పరాయి కథ కాదు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన పది నిమిషాల చిత్రానికి 14,400 ఫ్రేములు కావాలి. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడినా 7,200 బొమ్మలు గీయాలి. ప్రతి గీతనూ సెల్ అనే పారదర్శకమైన పలుచని రేకు మీదికి ఎక్కించి, వెనుకవైపు రంగు నింపి, కింద నేపథ్య చిత్రాన్ని పరచి కెమెరాకు అందిస్తారు. ఇన్ని చేతులు పడిన పనిలో ఒకరి పాలు ఎంతో తేల్చడం తేలిక కాదు.

1960ల చివర రామ్ మోహన్, ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ నెలకొల్పిన ప్రసాద్ ప్రొడక్షన్స్‌లో యానిమేషన్ విభాగానికి అధిపతి అయ్యి, 1972లో సొంత సంస్థ పెట్టుకున్నారు. జాతీయ పురస్కారాలు పొందిన ‘యు సెడ్ ఇట్’ (1972), ‘ఫైర్ గేమ్స్’ (1983) ఏ జాబితాలోనైనా కనిపిస్తాయి. వెతుకులాట బరువంతా జాబితాకు ఎక్కని వాటి మీదే ఉంటుంది. మృణాల్ సేన్ ‘భువన్ షోమ్’ (1969)లోని బొమ్మల ఘట్టమూ, సత్యజిత్ రాయ్ ‘శత్‌రంజ్ కే ఖిలాడీ’ (1977)లో బ్రిటిషువారు సంస్థానాలను మింగిన తీరును చూపే భాగమూ ఆయన పనే అయినా, ఆ సినిమాలు వేరే దర్శకుల పేర్ల కింద భద్రమయ్యాయి. వ్యాపార ప్రకటనలనూ టైటిళ్లనూ చిల్లర పనిగా ఎంచి వదిలేసే అలవాటు ఈ కళాకారుడి పట్ల పెద్ద అన్యాయం, ఎందుకంటే స్టూడియోను నిలబెట్టేదీ, చేతికి పదును పెట్టేదీ ఆ నిమిషం నిడివి పనులే. కనుక ఆయన చిత్రావళిని సినిమా పేర్లతో కాక, రీలు రీలునా ఎవరు ఏ భాగం గీశారన్న లెక్కతో కూర్చాలి; ఫిల్మ్స్ డివిజన్ విలీనమైన జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్.ఎఫ్.డి.సి.) భాండాగారంలోనూ, సినిమాల పేర్ల పట్టీల్లోనూ వెతకాలి. ఆ న్యూస్ రీళ్ల తెలుగు ప్రతులనూ విడిగా లెక్కించాలి.

యుగో సాకో, కోయిచి ససాకిలతో కలిసి ఆయన దర్శకత్వం వహించిన ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ 1993లో మన దేశపు చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమై, మూడు దశాబ్దాలు గడిచాక, 2025 జనవరి 24న తెలుగు మాటలతో కూడా థియేటర్లకు వచ్చింది. అప్పటికి ఆయన కన్నుమూసి అయిదేళ్లు దాటింది.