ఓడెక్కే ముందు విశాఖలో ఎక్కడ తిందాం?

జగ్గయ్యపేట, నందిగామ వైపు మెట్ట ఊళ్ళ ఆడవాళ్ళకి నీళ్ళంటే మున్నేరు. కాస్త దూరం వెళితే కృష్ణ. కార్తీకంలో ముక్త్యాలలోనో వేదాద్రిలోనో నాలుగు మునకలు వేసి, ఒడ్డున దీపాలు వదిలి రావడమే మా జలయాత్ర. అలాంటిది ఓడలో సముద్రం మీద ప్రయాణం చేసి వచ్చామనేసరికి మా వీధిలో వాళ్ళంతా చుట్టూ చేరారు. ఓడ ఎంత పెద్దది, గదులెలా ఉంటాయి, కళ్ళు తిరగవా అని అడిగినవాళ్ళే గానీ, ఓడెక్కేదాకా ఎక్కడ తిన్నారమ్మా అని ఒక్కరైనా అడగలేదు. నన్నడిగితే మొత్తం ప్రయాణంలో అసలు పని అదే.

విశాఖపట్నం నుంచి ఇలాంటి విహార నౌక కార్డీలియా వాళ్ళది, ఎంప్రెస్ అనేది, 2022 జూన్‌లో మొదటిసారి బయల్దేరింది. 2023 సెప్టెంబరులో పోర్టులో దీనికోసమే క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. 2025 వర్షాకాలంలో ఓడ మళ్ళీ వచ్చినప్పుడు మేము వెళ్ళాం. దారి పుదుచ్చేరి మీదుగా చెన్నై. ఓడలో భోజనం టికెట్టులోనే కలిసి ఉంటుంది కాబట్టి ఎక్కాక ఆ బెంగ లేదు. బెంగంతా అంతకు ముందు ఒకటిన్నర రోజుకే.

ఎందుకంత బెంగ అంటే, మాతో మా అత్తగారున్నారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. పదిహేనేళ్ళుగా సుగర్. మామగారు ఉండగా రెండుసార్లు విశాఖ ప్రయాణం అనుకున్నారు. ఒకసారి పత్తి తీత అడ్డొచ్చింది, ఒకసారి ఇంట్లో పురుడు. ఆయన పోయారు, ఆవిడ సముద్రం చూడలేదు. ఇప్పుడు నేను పాడుకున్న చీటీ డబ్బుతో, మావారు వేసిన కొంతతో టికెట్లు తీశాం. మా డాక్టరుగారు, "తీసుకెళ్ళండి, కానీ టైముకి తిండి, టైముకి మాత్ర. కడుపు పాడయిందంటే నీళ్ళ మీద మీకే ఇబ్బంది" అని ఖచ్చితంగా చెప్పారు. ఓడ ఎవరికోసమూ ఆగదు, ఆఖరి రోజున మానుకుంటే డబ్బు చేతికి రాదు. కాబట్టి ఆ ఒకటిన్నర రోజు ఆవిడ ఏం తింటుందన్నది చిన్న విషయం కాదు.

ఓడ రోజునే విశాఖ చేరేలా మాత్రం పెట్టుకోకండి. ముఖ్యంగా మనవైపు వాళ్ళు. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదకి నీళ్ళొచ్చి బస్సులు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో పాలేరు పొంగి గరికపాడు వంతెన దెబ్బతింది. ఈ ఓడలు వచ్చేదేమో ఆ వానల కాలంలోనే! అందుకని మేము రెండు రోజుల ముందే బెజవాడ చేరి, మా చెల్లెలింట్లో పడుకుని, తెల్లవారి రత్నాచల్ ఎక్కాం. రైల్లో ఏమీ కొనలేదు. ఇంటి నుంచి కట్టుకున్న ఇడ్లీ, కారప్పొడితో ఉదయం ఫలహారం అయిపోయింది.

బండి విశాఖలో దిగేసరికి మధ్యాహ్నమవుతుంది. సరిగ్గా అత్తగారికి మాత్ర వేసే వేళ. స్టేషన్ బయట ఆటో అతను "మంచి హోటల్ నేను చూపిస్తాను రండి" అన్నాడు. మావారు వద్దన్నారు. ఎందుకు వద్దన్నారో మా తమ్ముడినడిగితే చెప్తాడు! వాడు పోయిన సంవత్సరం అలాగే వెళితే, ఒక హోటల్లో చందువ చేపకి రేటు చెప్పకుండా తెచ్చిపెట్టి, బిల్లులో "సైజుని బట్టి" అని వేశారు. నలుగురి భోజనం కంటే ఆ ఒక్క చేపే ఎక్కువయిందట.

మా ఆడపడుచు కూతురు ఫోన్లో నక్షత్రాలు చూసి ఎక్కడెక్కడో హోటళ్ళ పేర్లు పంపింది. నక్షత్రాలు తప్పని అనను గానీ, సగం మంది దీపాలు బాగున్నాయనీ ఫోటోలు బాగా వచ్చాయనీ రాసినవే. సుగర్ ఉన్న పెద్దావిడకి పెరుగు పుల్లగా లేకుండా ఎక్కడ దొరుకుతుందో అందులో ఉండదు. కొత్త ఊళ్ళో నేను మందుల షాపులో అడుగుతాను. ఎలాగూ ఏదో మాత్ర కొనే పని ఉంటుంది. ఆ షాపువాళ్ళకి ఎక్కడ తిన్నవాళ్ళు తర్వాత తమ దగ్గరికి పరుగెత్తుకొస్తారో తెలుసు కదా! జగదాంబ దగ్గర షాపులో కూర్చున్న అమ్మాయి అత్తగారిని చూసి, "మామ్మగారికైతే దసపల్లాలో ధరణికి తీసుకెళ్ళండమ్మా, భోజనం బాగుంటుంది" అంది. సూర్యబాగ్‌లో దసపల్లా హోటల్ తెలియని ఆటో ఉండదు. ఒంటిగంట దాటితే మనుషులు నిలబడి ఉంటారని కూడా ఆ అమ్మాయే చెప్పింది. మేము కాస్త ముందే వెళ్ళాం కాబట్టి చోటు దొరికింది. వేడన్నం, పప్పు, పొడి, నెయ్యి, వేపుడు, పులుసు, చివర గట్టి పెరుగు. అత్తగారు అన్నం సగానికి తగ్గించి కూర ఎక్కువ వేయించుకున్నారు. అడిగితే మొహం చిట్లించకుండా వడ్డించారు, నాకు అది నచ్చింది.

ఇక్కడొక మాట. విశాఖ, శ్రీకాకుళం వైపు వంటల్లో, ముఖ్యంగా పులుసుల్లో, బెల్లం పడుతుంది. మన వైపు చింతపండు, పచ్చిమిరపకాయ రాజ్యమైతే అక్కడ తీపి కూడా పక్కనే కూర్చుంటుంది. సుగర్ వాళ్ళున్న ఇంటివారు పులుసు వడ్డించే ముందే అడగండి. మా అత్తగారు రెండు రోజులూ "బెల్లం వేశారా నాయనా?" అని అడగకుండా ముద్ద ముట్టలేదు. ఆవిడ సంచిలో కొరివికారం సీసా ఉందనుకోండి, పప్పులోకి అదే!

సాయంత్రం ఆర్.కె. బీచ్. ఆవిడ సముద్రం చూసి ఏమన్నారో రాయడం నావల్ల కాదు. చాలాసేపు ఏమీ అనలేదు, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

అక్కడ పిల్లలూ పెద్దలూ కాగితం పొట్లాల్లో తినేది మురీ మిక్చర్. మనం మరమరాలంటాం, వాళ్ళు మురీలంటారు. ఒరిస్సా పక్కనుంది కదా, మాట అటునుంచి వచ్చింది. మరమరాలు, వేయించిన వేరుశెనగపప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిరప, కొత్తిమీర, కాస్త ఉప్పూ కారం, నాలుగు చుక్కల నూనె, చివర నిమ్మరసం. కలిపిన వెంటనే తినాలి, ఐదు నిమిషాలు ఆగితే మెత్తబడిపోతుంది. ఇంట్లో చేసుకునేటప్పుడు మరమరాలని ఒకసారి వట్టి బాణలిలో వేడి చేస్తే కరకరలాడతాయి. ఓడెక్కబోయేవాళ్ళు బీచిలో ఏదైనా తినాలనుకుంటే నీళ్ళు పోయనిదీ, ఎదురుగా కలిపేదీ తినండి. పానీపూరి జోలికి మాత్రం మేము పోలేదు.

రాత్రికి మావారి కోరిక తీర్చాలి. మన ఊళ్ళో చేపంటే బొచ్చె, శీలావతి, అదృష్టం బాగుంటే కొర్రమీను. సముద్రపు చేప పక్కన దిగి తినకుండా ఎలా వస్తాను అని ఆయన పట్టు. ఇందులో తెలుసుకోవాల్సింది ఒకటుంది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లు వేటకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం నిషేధిస్తుంది. ఆ రోజుల్లో హోటళ్ళలో దొరికే పెద్ద చేప చాలావరకు ఐసులో ఉన్నదో, వేరే చోటి నుంచి వచ్చినదో అయ్యుంటుంది. జూన్ సగం దాటాక వెళ్ళిన మాలాంటి వాళ్ళకే తాజాది దొరికే అవకాశం ఎక్కువ. లాసన్స్ బే దగ్గర బీచ్ రోడ్డులో కామత్ ఉంది. పేరు చూసి ఉడిపి హోటల్ అనుకోకండి, సముద్రపు చేపలకే పేరు. మా తమ్ముడి చందువ గుర్తుండబట్టి మావారు ముందే "ముక్క ఎంత, ఎన్ని ముక్కలు?" అని అడిగి వంజరం వేపుడు, రొయ్యల ఇగురు చెప్పారు. అలా అడగడం నామోషీ కాదు, అక్కడివాళ్ళూ అడుగుతున్నారు. వంజరం మందపాటి ముక్క, లోపల తెల్లగా పొరలు పొరలుగా విడిపోయింది. తాజా చేప ముక్క అలా విడిపోవాలి గానీ పిండిలా నలగకూడదు. నేనూ ఆడపడుచూ తిన్నాం. అత్తగారికి సోమవారం, అందుకని పప్పు, రసంతో సరిపెట్టుకున్నారు. "ఎదురుగా ఇంత సముద్రం పెట్టుకుని సోమవారమే రావాలా!" అని ఆవిడే నవ్వారు.

మర్నాడు ఓడ. ఉదయం ఫలహారానికి ఎం.వి.పి. కాలనీలో వాసెన పోలి దగ్గరికి వెళ్ళాం. 2021లో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడుగారు అక్కడ తిని మెచ్చుకున్నాక ఊరూరా తెలిసింది. కుండ మూతికి గుడ్డ కట్టి ఆవిరి మీద ఉడికించడాన్ని వాసెన కట్టడం అంటారని మన పెద్దవాళ్ళకి తెలిసిందే. మన ఆవిరికుడుము అలాంటిదే కదా! ఇక్కడ రాగులు, చిరుధాన్యాల పిండితో ఇడ్లీలు ఆకులో వేసి ఆవిరి పడతారు. కూర్చుని తినే హంగులేమీ ఉండవు, ఓ పక్కన నిలబడి తినడమే. అత్తగారి కోసం పక్క షాపువాళ్ళు స్టూలు వేశారు. రాగి అనగానే సుగర్ వాళ్ళు ఎంతైనా తినొచ్చని కాదు, మినపపప్పూ పిండీ అందులోనూ ఉన్నాయి. ఆవిడ రెండు తిని ఆపారు. ఆకు వాసన పట్టిన వేడి ఇడ్లీ, అల్లం పచ్చడి... ఆ పిండి పాళ్ళు కనుక్కుందామని చూశాను గానీ జనం మధ్యలో కుదరలేదు.

అక్కణ్ణుంచి పాతపట్నంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి. పోర్టుకి దగ్గర. అమ్మవారి మీద పైకప్పు ఉండదు, మన చేత్తో మనమే పసుపు కుంకుమ వేసి దణ్ణం పెట్టుకోవచ్చు. ఈ వీధుల్లోంచే ఒకప్పుడు ఎందరో పొట్టకూటికి రంగం ఓడ ఎక్కి వెళ్ళారు. రంగమంటే బర్మాలో రంగూన్. ఇప్పటి పోర్టు 1933లో మొదలైంది గానీ అంతకు ముందు నుంచే ఆ వలసలున్నాయి. వాళ్ళేం తిని ఎక్కారో, మూటల్లో ఏం కట్టుకున్నారో అనుకున్నాను ఆ సందుల్లో నడుస్తూ.

ఆఖరి పూట భోజనం దగ్గరే మా ఇంట్లో చిన్న యుద్ధమైంది. జగదాంబ దగ్గర ఆల్ఫాలో బిర్యానీ తినకుండా విశాఖ వచ్చామంటే ఎవరూ నమ్మరని మావారు. ఆడపడుచుకేమో ద్వారకానగర్‌లో సాయిరాం పార్లర్ దోశ. నేను ససేమిరా అన్నాను. వానాకాలపు సముద్రం, మొదటి రాత్రే ఊపు ఉంటుందని అందరూ చెప్పారు. నూనె, మసాలా నిండిన కడుపుతో ఎక్కితే ఏమవుతుందో మన ఘాట్ రోడ్డు బస్సుల్లో చూడలేదా! అలాగని వట్టి కడుపుతో ఎక్కినా వికారమే. చివరికి అత్తగారు తేల్చేశారు. "ఒరే, బిర్యానీ ఎక్కడికీ పోదు. నేను మాత్రం మళ్ళీ రాను" అన్నారు. మావారు ఇంకేం మాట్లాడలేదు. దోశ తేలికే కాబట్టి ఆడపడుచు మాట నెగ్గింది. మేం ముగ్గురం సాయిరాంలో దోశలు, అత్తగారికి ఇడ్లీ, దానిమీద పెరుగన్నం. వాంతులకి మాత్ర మా డాక్టరుగారు ముందే రాసిచ్చారు, ఓడ కదలడానికి ముందే వేసుకున్నాం. సుగర్ మాత్రలతో పడుతుందో లేదో అడక్కుండా దుకాణంలో కొని వేసుకోకండి.

మాడుగుల హల్వా కొనాలని నాకు ఎప్పటినుంచో ఉంది. గోధుమ పాలతో, నెయ్యితో చేసేది, నోట్లో వేస్తే నమలక్కర్లేదు. కానీ ఓడలోకి బయటి తినుబండారాలు రానివ్వరు, తిరుగు ప్రయాణమేమో చెన్నై నుంచి. అందుకని కొని, కొరియర్‌లో ఇంటికి పంపేశాం. మేం వచ్చేసరికి జగ్గయ్యపేటలో మా పిల్లలు డబ్బా ఖాళీ చేసి ఉంచారు. మందులు, డాక్టరు చీటీ, మంచినీళ్ళు, మాత్రకీ భోజనానికీ మధ్య నోట్లో వేసుకోను రెండు బిస్కెట్లు మాత్రం చేతిసంచిలో పెట్టుకున్నాం. పోర్టు గేటు దాటాక సామాను తనిఖీ, కాగితాలు, వరసలో నిలబడటం, అన్నీ కలిపి చాలాసేపు పడుతుంది. మళ్ళీ బయటికొచ్చి తిని వస్తామంటే కుదరదు. అత్తగారి బిస్కెట్లు ఆ వరసలోనే అయిపోయాయి.

కొరివికారం సీసా మిగిలింది. ఓడలోకి రాదు, పారేయడానికి ఆవిడకి మనసొప్పదు. లాడ్జి ఖాళీ చేసేటప్పుడు, గదులు ఊడ్చే అమ్మాయి చేతిలో పెట్టి, "బెల్లం వెయ్యకుండా తినమ్మా" అని చెప్పి మరీ ఇచ్చారు.

మొదటి రాత్రి ఓడ ఊగింది. మా పక్క గదివాళ్ళు పాపం తెల్లారేదాకా అవస్థ పడ్డారు. అత్తగారు ఎనిమిదింటికే రెండు చపాతీలు, పెరుగు తిని, మాత్ర వేసుకుని నిద్రపోయారు. తెల్లవారుజామున నన్ను లేపి, డెక్కు మీదకి తీసుకెళ్ళమన్నారు.