కందిగింజలోని కావలి

మోత్కూరు 2016 వఱకు నల్లగొండ జిల్లాలోనిది. నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఈ మెట్టసీమలో ఆముదమును, కందిని ఒకే చెలకలో సాళ్లుగా విత్తుట వాడుక. దాసరిపురుగు పడినచో ఆముదపాకులకు ఈనెలు మాత్రమే మిగులును. అట్టి యేట బడికి రావలసిన పిల్లలు చెలకలలో పురుగు లేఱుచుండగా నేను చూచితిని. ఆ పురుగును అడ్డగింపగల పదార్థము ప్రక్క సాలులోని కందిగింజలోనే యున్నదని ఉద్యోగవిరమణ పిదప చదివి అబ్బురపడితిని.

తిన్న ప్రోటీనులను కడుపులో ముక్కలుచేయు ఎంజైములలో ట్రిప్సిన్ ఒకటి. చిక్కుడుజాతి గింజలలో దానిని పట్టి కదలనీయని చిన్న ప్రోటీనులు కలవు. నడుమ పుల్ల యిఱికిన కత్తెరవలె ఎంజైము నిలిచిపోవును. అప్పుడు పురుగు కడుపునిండ తినియు కృశించును. 1945లో కునిట్జ్ అను శాస్త్రజ్ఞుడు సోయాచిక్కుడునుండి ఇట్టి ప్రోటీనును స్ఫటికరూపమున వేఱుచేసెను.

దీనిని వేఱుచేయు విధము వినుడు. గింజలను పిండిచేసి, నూనె తొలగించి, ద్రావణమున నానబెట్టి తేట తీయుదురు. అమ్మోనియం సల్ఫేటు కలిపినచో ప్రోటీనులు అడుగునకు దిగును. వానిని మరల కరగించి, ట్రిప్సిన్ అంటించిన పూసలుగల గొట్టముగుండ పంపుదురు. తక్కినవి జాఱిపోవును, కావలసినది ట్రిప్సిన్‌ను పట్టుకొని నిలుచును. దానిని ఆమ్లముతో విడిపింతురు. ట్రిప్సిన్ కోసినప్పుడు పసుపురంగు నిచ్చు పదార్థ మొకటి కలదు. ఆ పసుపు తగ్గినకొలది కావలి బలము తెలియును.

హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్య పద్మశ్రీ, ఆచార్య అపర్ణా దత్తగుప్త మొదలగువారు కంది, మినుముల ప్రోటీనులను పరీక్షించి 2010లో ఫలితములు ప్రకటించిరి. అవి దాసరిపురుగు పెరుగుదలను కుంటుపఱచినవి. కాని కందినే తిని బ్రదుకు కాయతొలుచు పురుగు వేఱు ఎంజైములను పుట్టించుకొని తప్పించుకొనుట నేర్చినది.

ఈ కావలి మనకును అడ్డమే. పచ్చిపప్పు అరుగకపోవుటకు ఇదియు నొక కారణము. మెత్తగా ఉడికించినచో దాని శక్తి చాలవఱకు నశించును. మన తల్లులు పేరు తెలియకయే ఈ పని చేయుచున్నారు.

బాలలారా! కందికాయ లొలుచునపుడు తొలిచిన గింజ కనబడినచో వెంటనే పాఱవేయకుడు. కావలి యున్న యింటనే దొంగ చొరబడిన గుర్తది. ఆ దొంగ త్రోవను మూయు పని యింకను మిగిలియున్నది.