తెల్లమట్టి దారిలో పాత సైకిలు

కొండ ఎక్కుతుండగా చైను జారితే ఎలా ఉంటుందో సైకిలు తొక్కినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పెడల్ మీది కాలు గబుక్కున కిందికి పోతుంది, మోకాలు హ్యాండిల్‌కి తగులుతుంది, ప్రాణం గొంతులోకొస్తుంది. అక్టోబరు మొదటి వారంలో ఓ శనివారం పొద్దున్నే, ఇటలీలోని గయోలె అనే చిన్న ఊరి బయట నాకదే జరిగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. తెల్లారితే లెరోయికా!

లెరోయికా అంటే పాత సైకిళ్ల జాతర అనుకోండి. ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ మధ్య కియాంటి కొండల్లో ఉంది గయోలె. చుట్టూ ద్రాక్షతోటలు, ఆలివ్ చెట్లు, బారులు తీరిన సైప్రస్‌లు, వాటి మధ్య మెలికలు తిరిగే తెల్లమట్టి రోడ్లు. ఆ రోడ్లకి తారు పూసేసి వాటి రూపు చెడగొట్టకూడదని జాన్‌కార్లో బ్రోచ్చి అనే ఆయన 1997లో ఈ యాత్ర మొదలుపెట్టాడు. మొదటిసారి తొక్కింది 92 మంది. ఇప్పుడు వేలమంది వస్తున్నారు. సైకిలు 1987కి ముందు కాలానిదై ఉండాలి. గేరు మీటలు హ్యాండిల్ మీద కాకుండా ఫ్రేము కింది గొట్టానికి ఉండాలి. గెలుపోటముల గొడవ లేదు.

నా సైకిలు మిలాన్‌లో మా కింది అంతస్తు పెద్దాయనది. మోకాళ్లు మొరాయించడంతో నాకిచ్చేశారు. "గోడకి తగిలించకు బాబూ, తొక్కు" అని ఒకటికి రెండుసార్లు చెప్పారు. నేను చేసిన మొదటి పని గోడకి తగిలించడమే! ఏడాదిపాటు వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయా.

చూపించాల్సిన వస్తువే మరి. వెనక చక్రం దగ్గర వేలాడుతూ, చైనుని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి నెట్టే పరికరాన్ని డిరైలర్ అంటారు. దీనికున్నది కంపన్యోలో వాళ్ల న్యువో రికార్డ్. 1967లో వచ్చిన మోడల్. ఎడ్డీ మెర్క్స్ టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన రోజుల్లో వాడింది దీన్నే. ఇప్పటి గేర్లలా టిక్కు టిక్కుమని పడవు. మీటని వేలితో కొంచెం కొంచెంగా జరుపుతూ, చప్పుడు విని సరిచేసుకోవాలి. మా దాని మీద పేటెంట్ అన్న అక్షరాల పక్కన 73 అని ఉంది. అంటే నాకన్నా పెద్దది.

యాత్రకి పేరిచ్చాక, బయల్దేరేముందు నా తెలివి చూపించి చైను ఒక్కటీ కొత్తది వేశా. జారడానికి కారణం అదేనని ఎవరు మాత్రం అనుకుంటారు?

ఊళ్లోకి నడిపించుకుంటూ వచ్చా. లెరోయికా రోజుల్లో గయోలె వీధంతా పాత సామాన్ల సంత. బ్రేకులు, సీట్లు, ఉన్ని జెర్సీలు, డబ్బాల నిండా బోల్టులు. ఓ మీసాల తాత దగ్గర ఆగి, నా వచ్చీరాని ఇటాలియన్‌లో గోడు చెప్పుకున్నా. ఆయన వంగి చూసి నవ్వాడు. "కొత్త చైను, పాత పళ్లు. కాపురం ఎలా కుదురుతుంది?"

విషయం ఇదీ. కొత్త చైనులో 24 లింకుల పొడవు సరిగ్గా 12 అంగుళాలు. వాడేకొద్దీ లోపలి పిన్నులు అరిగి చైను సాగుతుంది. అంగుళంలో పదహారో వంతు పెరగ్గానే మార్చేస్తే సరి. ఎనిమిదో వంతు దాకా ఆగితే, వెనక పళ్లు కూడా ఆ సాగిన చైనుకి తగ్గట్టు అరిగిపోతాయి. అప్పుడు కొత్త చైను వాటిమీద కుదురుగా కూర్చోదు, బలంగా తొక్కగానే జారుతుంది. ఇక డిరైలర్ కింద చైనుని నడిపించే రెండు చిన్న చక్రాలు, జాకీ వీల్స్, పళ్లు సన్నబడి ముళ్లలా ఉన్నాయి.

"అన్నీ మార్చాలి" అన్నాడు తాత. నాకు మనసొప్పలేదు. పెద్దాయన తొక్కి తొక్కి అరగదీసినవి కదా. అవీ తీసేస్తే ఇంక ఆయనదేం మిగులుతుంది?

అప్పుడు మా నాన్న సైకిలు గుర్తొచ్చింది. నాన్న పోయాక అమ్మ దాన్నెవర్నీ ముట్టుకోనివ్వలేదు. పంచలో గోడకి ఆనించి ఉండేది. మూడు వానాకాలాలు తిరిగేసరికి చైను బిగుసుకుపోయింది, రిమ్ములు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. చివరికి పాత ఇనుమువాడు తూకానికి పట్టుకెళ్లాడు. అమ్మ లోపలికెళ్లి తలుపేసుకుంది.

"మార్చెయ్యండి" అన్నా.

ఫ్రీవీలు విప్పడం చూడాలి. దానికి సరిపోయే పట్టు ముక్కని బెంచీ వైసులో బిగించి, చక్రాన్ని దానిమీద బోర్లించి, ఇద్దరం బస్సు స్టీరింగులా ఎడమవైపు తిప్పాం. కెవ్వుమని ఊడింది. ఆయన డబ్బాలోంచి తీసిన మొదటి ఫ్రీవీలు ఫ్రెంచి మరది, మా హబ్బుకి ఎక్కదు. రెండోది చేత్తోనే సాఫీగా ఎక్కింది. అయిదు పళ్లచక్రాలు, పెద్దదానికి 26 పళ్లు. ఈ డిరైలర్ అంతకుమించి మొయ్యదట. జాకీ వీల్స్ మార్చి, రెండు హద్దు స్క్రూలు సరిచేశాడు. ఒకటి చైను బయటికి పడకుండా, రెండోది పుల్లల్లోకి దూరకుండా. "హవాయి చెప్పుకి పట్టీ మార్చినట్టేగా!" అని తెలుగులోనే అనేశా. తాతకి అర్థం కాకపోయినా తలూపాడు.

మర్నాడు చీకటితోనే బయల్దేరాం. బ్రోలియో కోటకి ఎక్కే తెల్లదారిలో పక్కన వరసగా దీపాలు పెట్టారు. మీట వెనక్కి లాగా. చైను పెద్ద చక్రం మీదికెక్కి కూర్చుంది. లేచి నిలబడి తొక్కా. జారలేదు! తర్వాతి ఎక్కుళ్లలో ఒకచోట ఊపిరాడక దిగి నడిచా. పక్కన నడుస్తున్న పెద్దమనిషి కన్ను గీటాడు. దారిలో మజిలీల దగ్గర రిబొల్లీటా అనే రొట్టె, కూరల సూపు పెట్టారు. అమృతమే.

మిలాన్ చేరి నేరుగా పెద్దాయన తలుపు తట్టా. అరిగిన జాకీ వీల్స్ కాగితంలో చుట్టి, భద్రంగా ఆయన చేతిలో పెట్టా. విప్పి చూసి, "ఇవెందుకు మోసుకొచ్చావ్?" అని చెత్తబుట్టలో పడేశారు. తర్వాత వంగి, ఫ్రేము మీది తెల్లదుమ్ముని వేలితో తాకారు.

"ఇప్పుడే కడగకు" అన్నారు.