ముందు వారం, తర్వాత ఊరు

ఇంగ్లండు పల్లెసీమల్లోని పాత సంత ఊళ్లు చూద్దామనుకుంటున్నారా? మంచిదే. అయితే ముందు మ్యాపు మడిచి పక్కన పెట్టి క్యాలెండరు తీయండి. ఏ ఊరన్నది తర్వాత చూసుకోవచ్చు, ఏ వారమన్నది ముందు తేలాలి. సోమవారం పూలూ రొట్టెలూ చీజు గడ్డలతో కిటకిటలాడిన ఊరి నడిబొడ్డు, మంగళవారానికి కార్లు నిలుపుకునే జాగా అయిపోతుంది. మీరు మంగళవారం దిగి, ఫొటోలో చూసిన చారల గుడారాలేవీ అని వెతుక్కుంటే ఊరు మాత్రం ఏం చేస్తుంది చెప్పండి?

ఈ సంగతి ఇప్పుడెందుకంటారా? జనవరి కదా. నాలుగున్నరకల్లా చీకటి. హీటరు దగ్గరికి కుర్చీ లాక్కుని, టీ కప్పు చేత్తో పట్టుకుని వేసవి సెలవుల సంగతి మాట్లాడుకోవడానికి ఇంతకంటే అనువైన కాలం లేదు. ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో ఈ రోజుల్లో నడిచే చర్చ కూడా అదే. అమ్మావాళ్లో అత్తయ్యావాళ్లో విజిటర్ వీసా మీద వస్తారు. లండన్ వంతెనలూ రాజభవనాలూ మొదటి వారంలోనే అయిపోతాయి. ఆ తర్వాత ఎక్కడికి తీసుకెళ్లాలి? కొండలెక్కడానికి వాళ్ల మోకాళ్లు ఒప్పుకోవు. మ్యూజియంలో రెండో హాలు దాటేసరికి "ఇంకా ఎంతుందమ్మా?" అంటారు. వాళ్లకు కావలసింది కూర్చోవడానికి ఒక బెంచీ, చూడటానికి నలుగురు మనుషులు, పట్టుకుని చూడటానికి నవనవలాడే కూరగాయలు. ఇవన్నీ ఒక్కచోట దొరికేది సంతలోనే.

మా ఆయనకు సెలవులంటే ఎక్సెల్ షీటు. "కారు తీస్తే ఒక్కరోజులో నాలుగూళ్లు కొట్టేయొచ్చు కదా," అంటారు. "కొట్టేసి ఏం చేస్తారండీ?" అంటాను నేను. ఆయన మాట మొత్తంగా కొట్టిపారేయలేం లెండి, ఊళ్లు నిజంగానే అంత దగ్గర దగ్గరగా ఉంటాయి. ఎందుకున్నాయన్నదే అసలు కథ.

పాతకాలంలో ఇంగ్లండులో సంత పెట్టాలంటే రాజు అనుమతి పత్రం కావాలి. పత్రం సంపాదించిన జమీందారుకు స్టాళ్ల మీద, సరుకు మీద సుంకం వస్తుంది. మరి పక్కనే ఇంకొకడు కొత్త సంత పెడితే మొదటివాడి నోట్లో మట్టే కదా. అందుకని 13వ శతాబ్దంలో, బ్రాక్టన్ పేరు మీద ఉన్న న్యాయగ్రంథంలో ఒక లెక్క చెప్పారు: పాత సంతకు 6 మైళ్లు, ఆపైన మైలులో మూడింట రెండు వంతులు, ఈ లోపల కొత్త సంత పెడితే అది పాతదానికి హాని. అంటే మన లెక్కలో దాదాపు 10.7 కిలోమీటర్లు. ఈ విచిత్రమైన అంకె ఎక్కడిదంటే, మనిషి రోజుకు 20 మైళ్లు నడుస్తాడని అనుకున్నారు. ఆ రోజును మూడు భాగాలు చేశారు. ఒక భాగం పోవడానికి, ఒక భాగం అమ్ముకోవడానికీ కొనుక్కోవడానికీ, ఒక భాగం చీకటి పడి దొంగలు దారి కాయకముందే ఇల్లు చేరడానికి. ఇరవైని మూడు చేస్తే వచ్చేది ఆ ఆరూ చిల్లరే.

దగ్గర ఊళ్లకు ఒకే రోజు సంత పడితే ఇద్దరికీ నష్టం. అందుకని ఒకరిది సోమవారమైతే ఇంకొకరిది గురువారం. మన దగ్గర సంతవాళ్లు ఈరోజు ఒక ఊళ్లో, రేపు పక్క ఊళ్లో దుకాణం పరిచినట్టే, ఇక్కడా కొందరు వ్యాపారులు వ్యాను వేసుకుని వారమంతా ఊళ్లు తిరుగుతుంటారు. మీరు చేయాల్సింది కూడా అదే. ఒక ఊళ్లో బస పెట్టుకుని రోజుకొక సంతకు పోయి రావడం.

ఎక్కడ బస అంటారా? నన్నడిగితే లడ్లో. వేల్స్ సరిహద్దు పక్కన, ష్రాప్‌షైర్‌లో ఉంటుంది. లండన్ నుంచి నేరుగా రైలుండదు, మధ్యలో మారాలి. కానీ ష్రూస్‌బరీ నుంచి హెర్‌ఫర్డ్ పోయే రైలుదారి మీద ఉండటం దాని అదృష్టం, మన అదృష్టం. ఆ దారిలో ఉన్న ఊళ్ల వారాలు చూడండి. లడ్లోలో సోమ, బుధ, శుక్ర, శనివారాలు. చర్చ్ స్ట్రెటన్‌లో గురువారం. లెమ్‌స్టర్‌లో శుక్రవారం. హెర్‌ఫర్డ్‌లో రైలు మారితే లెడ్‌బరీ, అక్కడ మంగళవారం, శనివారం. చూశారా, కారు తాళం ముట్టుకోకుండా వారమంతా నిండిపోయింది. మా ఆయన ఎక్సెల్ షీటుకు కూడా ఇంత చక్కటి వరస దొరకదు.

లడ్లోలో సంత కోట గుమ్మం ముందే జరుగుతుంది. ఆ కోటను 11వ శతాబ్దం చివర్లో డి లేసీ కుటుంబం మొదలుపెట్టింది. ఎనిమిదో హెన్రీ అన్న ఆర్థర్ 1502లో ఇక్కడే చనిపోయాడు. అన్న బతికి ఉంటే తమ్ముడు రాజయ్యేవాడే కాదు, ఆరుగురు పెళ్లాల కథా ఉండేది కాదు. అత్తయ్యగారికి ఈ ఒక్క ముక్క చెబితే చాలు, కోటంతా ఓపిగ్గా తిరుగుతారు.

మనవాళ్లు తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటుంది. శిథిలమైపోయిన ఈ కోటను 1811లో ప్రభుత్వం దగ్గర కొనుక్కున్నది ఎడ్వర్డ్ క్లైవ్, అంటే ప్లాసీ యుద్ధం చేసిన రాబర్ట్ క్లైవ్ కొడుకు. ఈ ఎడ్వర్డు 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. 1800లో నిజాం మన కడప, కర్నూలు, అనంతపురం, బళ్లారి ప్రాంతాలను కుంఫిణీకి రాసిచ్చినప్పుడు, దత్తమండలాలు వచ్చి చేరింది ఈయనగారి మద్రాసుకే. రాయలసీమ నుంచి వచ్చిన మామయ్యలు ఎవరైనా ఉంటే ఈ కోట గోడకు ఆనుకుని ఒక ఫొటో దిగే హక్కు వాళ్లకుందని నా అభిప్రాయం.

కోట ముందు నుంచి చర్చి వైపు నడిస్తే వీధులు ఉన్నట్టుండి ఇరుకైపోతాయి. మొదట్లో అదంతా వెడల్పాటి ఒకే సంతవీధి. వారానికోసారి గుడారం వేసినవాడు దాన్ని విప్పడం మానేశాడు. గుడారం పాకయింది, పాక ఇల్లయింది, ఇంటి మీద అంతస్తు లేచింది. అలా సంతవీధి మధ్యలో వరసలు వరసలుగా ఇళ్లు మొలిచి, వాటి నడుమ సందులు మిగిలాయి. ఆక్రమణలంటే మనకే తెలుసనుకోకండి. ఆరేడు వందల ఏళ్లు గడిచాక వాటికే వారసత్వ కట్టడాలని పేరు పెట్టి కాపాడుకుంటున్నారు.

సెయింట్ లారెన్స్ చర్చిలోకి మాత్రం తప్పకుండా వెళ్లండి. లోపల ప్రార్థన చేసేవాళ్ల చెక్క ఆసనాలుంటాయి. ఆ పలకలు పైకెత్తితే అడుగున చిన్న మెట్టులాంటి ఆసరా, గంటల తరబడి నిలబడే ముసలివాళ్లు ఒరగడానికి. ఆ మెట్టు కింద చెక్కడాలున్నాయి. ఒకదాని ముందు వంగి చూడండి. బీరు కొలతలో మోసం చేసిన ఆడమనిషిని ఒక దయ్యం భుజాన వేసుకుపోతోంది. పాపం ఆమె చేతిలో ఆ దొంగ కొలత చెంబు అలాగే ఉంది. ఒక దయ్యం ఆమె పాపాల చిట్టా చదువుతుంటే, ఇంకొకటి తిత్తివాద్యం ఊదుతోంది. ఎదురుగా నరకం నోరు తెరుచుకుని ఉంది. రొట్టెకూ బీరుకూ ఇంత ధరకు ఇంత తూకమని 13వ శతాబ్దంలోనే చట్టం ఉండేది. సంతల్లో తగవులొస్తే అక్కడికక్కడే తేల్చే కోర్టులూ ఉండేవి. అవి చాలవన్నట్టు గుళ్లో ఈ బొమ్మ. కొలతలో తేడా వస్తే ఆ ఊరివాళ్లకు ఎంత ఒళ్లుమండేదో దీన్ని చూస్తే తెలుస్తుంది.

మంగళవారం లెడ్‌బరీ. ఊరి మధ్యలో నలుపూతెలుపు చెక్క భవనం ఒకటి 16 స్తంభాల మీద నిలబడి ఉంటుంది. 1617లో మొదలుపెట్టారు. మీద గదుల్లో ధాన్యం, ఉన్ని, తోళ్లు ఊనేవాళ్లకు కావలసిన ఓక్ కాయలు నిలవ చేసేవాళ్లు. కింద స్తంభాల మధ్య సంత. ఇప్పటికీ కింద స్టాళ్లు పెడుతున్నారు. వాన పడితే కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ అందరూ ఆ కిందికే చేరతారు. ఇంగ్లండులో వాన పడనిదెప్పుడు?

కాట్స్‌వోల్డ్స్ సంగతేమిటని అడిగేవాళ్లుంటారు, తేనెరంగు రాతి ఇళ్ల ఫొటోలు అందరూ చూసినవే కాబట్టి. అటు పోతే మంగళవారం పొండి. మోర్టన్-ఇన్-మార్ష్‌లో ఆరోజు పెద్ద సంత. లండన్ ప్యాడింగ్టన్ నుంచి నేరుగా గంటన్నర రైలు. అక్కడి నుంచి బస్సులో చిప్పింగ్ కాంప్‌డెన్ పోతే 1627లో కట్టిన మార్కెట్ హాలు చూడొచ్చు. బ్యాప్టిస్ట్ హిక్స్ అనే లండన్ వర్తకుడు వెన్న, జున్ను, కోళ్లు అమ్మేవాళ్లు తడవకుండా కట్టించాడు. లోపల అడుగు పెట్టేటప్పుడు కింద చూసుకోండి. రాళ్లు అరిగి ఎగుడుదిగుడుగా ఉంటాయి, పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోవాలి. ఇక ఉత్తరాన యార్క్‌షైర్‌లో సెటిల్ అని ఒక ఊరుంది. 1249లో మూడో హెన్రీ పత్రమిచ్చాడు. ఇప్పటికీ మంగళవారమే సంత. లీడ్స్‌లో తెలిసినవాళ్లుంటే అటు ఆలోచించండి.

ఇప్పుడు వంటింటి మనిషిగా నాలుగు మాటలు. సంతకు పొద్దున్నే పొండి. మధ్యాహ్నం మూడు దాటితే స్టాళ్లు సర్దేస్తుంటారు. బేరాలాడే అలవాటు ఇక్కడ లేదు. అత్తయ్యగారు "సగానికిస్తావా?" అని అడిగితే స్టాలాయన నవ్వేసి ఊరుకుంటాడు. కానీ సర్దేముందు కూరగాయలవాళ్లు గిన్నెల్లో పోసి, గిన్నె ఒక పౌండని కేకేస్తారు. అప్పుడు పక్కన నిలబడితే బేరం ఆడకుండానే బేరం కుదురుతుంది. ఏప్రిల్ చివరి నుంచి జూన్ మూడోవారం దాకా ఆస్పరాగస్ కాలం. ఆవాలూ ఎండుమిరపకాయలూ తాలింపులో వేసి వేయిస్తే అత్తయ్యగారు కూడా రెండోసారి వడ్డించుకుంటారు. చీజు కొనేటప్పుడు శాకాహారులు ఒక ప్రశ్న అడగాలి. సంప్రదాయపు చీజుల్లో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారు. "వెజిటేరియన్ రెన్నెట్‌దేనా?" అంటే అమ్మేవాళ్లు చక్కగా చెబుతారు. ష్రాప్‌షైర్ బ్లూ అనే నారింజరంగు చీజు కనిపిస్తుంది. పేరు చూసి ఈ జిల్లాదేననుకోకండి, 1970లలో మొదట చేసింది స్కాట్లండులో.

అరవై దాటినవాళ్లకు సీనియర్ రైల్‌కార్డు తీసుకుంటే రైలు టికెట్టులో మూడోవంతు తగ్గుతుంది. ఇక్కడి పౌరులే కానక్కర్లేదు, పాస్‌పోర్టు చూపిస్తే చాలు. ఆదివారం చిన్న ఊళ్లకు బస్సులు పలచబడతాయి, కొన్నిచోట్ల అసలుండవు. ఆ రోజు ఎక్కడికీ పోకుండా పులిహోర కలుపుకుని లడ్లోలో టీమ్ నది ఒడ్డున కూర్చోండి. అందుకే హోటలు కంటే వంటగదున్న కాటేజీ మేలంటాను. అవి ఎక్కువగా శుక్రవారం నుంచి శుక్రవారానికో, శనివారం నుంచి శనివారానికో అద్దెకిస్తారు. వారమంతా ఒకేచోట ఉండే మన ప్లానుకు అది అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. జూలై చివర్లో బడులు మూసేశాక అద్దెలు ఆకాశంలో ఉంటాయి కాబట్టి జూన్ మంచిది. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు కూడా ఉంటుంది. డబ్బు కట్టేముందు ఆ ఊరి టౌన్ కౌన్సిల్ ప్రకటనలో సంత వారాలు మరోసారి సరిచూసుకోండి. బ్యాంకు సెలవులకూ పండగలకూ అటూఇటూ మారుస్తుంటారు.

ఇంతవరకు నేను చెప్పగలిగింది చెప్పాను. ఇక కాటేజీలో ఎండ వచ్చే గది మీ అమ్మగారికా వాళ్ల అమ్మగారికా అన్నది మీ ఇంటి వ్యవహారం. అందులో నేను తలదూర్చను.