నర్మెట్ట చెఱువులు – నీటిపక్షులు

జనగామలో రైలు దిగి ఉత్తరపు దారిని నర్మెట్టకు పోవువారికి ముందుగా కానవచ్చునది మెట్టనేల: ఎఱ్ఱమట్టి చెలకలు, నడుమ నడుమ బండఱాళ్ళు, తాటిచెట్లు, గట్లపై తంగేళ్ళు. వానదేవుని దయపై ఆధారపడిన ఈ సీమలో చెఱువే పల్లెకు ప్రాణము. చెఱువు నిండిన యేడు బావిలో నీరును, గాదెలో గింజయు నుండును. ఎండిన యేడు ఇల్లాలి కడవ మైళ్ళకొలది నడచును.

ఓరుగల్లు నేలిన కాకతీయులు ఈ మర్మము నెఱిగినవారు. 13వ శతాబ్దమున గణపతిదేవ చక్రవర్తి కాలమున పాకాల, రామప్ప వంటి మహాతటాకములు వెలసినవి. ఒక చెఱువు అలుగు పాఱిన నీరు దిగువ చెఱువును చేరునట్లు గొలుసుకట్టుగ వీనిని కట్టిరి. తూము తెఱచి పొలములకు నీరు పంచు నీరటిని ఊరివారే పోషించుచుండిరి.

మేము శీతకాలమున చెఱువుకట్టపై నడచుచు గమనించిన దొకటి కలదు. పక్షులన్నియు నొకచోట నుండవు. ఉల్లంకిపిట్టలు తడిబురదలో పురుగుల నేఱుకొనును. కొంగలు మోకాలిలోతు నీట నిలుచును. బాతులును, బొల్లికోళ్ళును నడినీట నీదును. నీటికాకి లోతునకు మునిగి చేపతో తేలును. అనగా పక్షికి కావలసినది నీరు మాత్రమే కాదు. ఒడ్డునుండి లోతువఱకు మెల్లమెల్లగ దిగు వాలు. ఈ బాతులలో కొన్ని హిమాలయముల కావలి నుండి వచ్చి, చలి తీఱిన పిదప మరలిపోవునవి. అట్టి అతిథులకు ఆతిథ్య మిచ్చు పుణ్యము ఈ పల్లెలది.

కాలక్రమమున చెఱువులు పూడిపోయినవి. గొట్టపుబావులు వచ్చిన పిదప వానిపై శ్రద్ధ తగ్గినది. శిఖము భూములు కొన్నిచోట్ల పొలములైనవి. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర 46 వేలకు పైగా చెఱువులను బాగుచేయ సంకల్పించెను. తీసిన పూడికను రైతులు తమ చేలకు తోలుకొనిరి. ఒండ్రుమట్టి పైరునకు బలము గదా! దేవాదుల ఎత్తిపోతల పథకముచే గోదావరీ జలము నర్మెట్ట మండలములోని బొమ్మకూరు జలాశయమునకు చేరినది. ఇది సంతోషింపదగిన సంగతి.

అయినను ఒక చింత కలదు. మన్ను త్రవ్వు యంత్రము ఒడ్డు ప్రక్కనే నిట్టనిలువు గుంతలు చేసినచో కొంగకు నిలువ చోటుండదు. అంతకంటె ఘోరము, నీరు నిండిన పిదప గుంత కానరాక పశువులును, పసిపిల్లలును అందు పడు ప్రమాదము కలదు. పక్షికి మేలైన వాలు ఒడ్డే బిడ్డకును క్షేమకరము.

కొల్లేటి కథ మనకు పాఠము. 1999లో అది పక్షుల రక్షితస్థలమైనది. 2002లో రామ్‌సార్ ఒడంబడిక పట్టికలో చేరినది. అయినను చేపలచెఱువుల గట్లు సరస్సు నాక్రమించుటచే, 2006లో ప్రభుత్వము వానిని పగులగొట్టింపవలసి వచ్చెను. వానిపై బ్రతుకువారికి అది కష్టకాలమే. ఆక్రమణను మొదటనే ఆపినచో పక్షికిని మనిషికిని ఇంత బాధ యుండదు. గుంటూరు చెంత ఉప్పలపాడువా రట్లు గాక, ఊరిచెఱువులోని చెట్లపై గూడుకట్టు గూడబాతులను కన్నబిడ్డలవలె కాపాడుచున్నారు.

నర్మెట్ట సీమయందును ఇది అసాధ్యము కాదు. పూడిక తీయునపుడు ఒడ్డును వాలుగ నుంచవలెను. నడుమ నొక తిప్పను, దానిపై నాలుగు తుమ్మచెట్లను విడువవలెను. శిఖము హద్దుఱాళ్ళు కదలకుండ చూడవలెను. గుఱ్ఱపుడెక్కను ఏటేట తీసివేయవలెను.

సోదరీమణులారా! ఏటేట తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను పేర్చి మనము చెఱువునకే అప్పగించుచున్నాము. ఆ పూలతో ప్లాస్టిక్కు సంచులను గూడ నీటిలో విడువరాదు. గ్రామసభలో చెఱువు మాట వచ్చినపుడు మగవారికి వదలి ఊరకుండరాదు. ఎండిన చెఱువు బరువును మోసినది మన తలలే గనుక, నిండిన చెఱువు హద్దును కాచు హక్కును మనదే.