‘ష్యూర్’ అంటే ఏ రోజు?

ఒక ఆదివారం మా ఇంట్లో ‘సరే’ అనడానికి వాడిన మాటలన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఓకే, ష్యూర్, డన్, ప్రామిస్, డెఫినెట్‌గా, పక్కా. మా పాలమూరు వైపు పెద్దవాళ్లు అనే ‘గట్లనే’, ‘మంచిది’ మాత్రం మా అత్తమ్మ నోట తప్ప ఎవరి నోటా రాలేదు.

పిల్లలు ఇంగ్లిష్ మాట్లాడాలనే కదా మనం ఇంత ఫీజు కట్టి చదివిస్తున్నాం. ఆ మాటలతో నాకు పేచీ లేదు. 1839లో అమెరికాలోని బోస్టన్ పత్రికలో సరదాగా అచ్చయిన ‘ఓకే’తోనే ఇవాళ నల్గొండ మార్కెట్లో కూరగాయల బేరం కూడా తెగుతోంది. నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. ‘డన్’ అంటే అయిపోయిందని అర్థం. మనం ఇంకా మొదలుపెట్టని పనికి ‘డన్’ అంటాం. ‘ఐ విల్ ట్రై’ అన్నామంటే చాలాసార్లు అది మర్యాదగా చెప్పే ‘కాదు’.

మా తొమ్మిదేళ్ల పాప "సైకిల్ కొనిస్తవా డాడీ?" అని అడిగితే వాళ్ల నాన్న "ష్యూర్ బేటా" అన్నారు. "ష్యూర్ అంటే ఏ రోజు?" అంది పాప. అందరం నవ్వాం గానీ ఆ ప్రశ్న సరైనదే. తెలుగులో ‘కొనిస్తా’ అంటే కొనేది నేనేనని ఆ మాటలోనే ఉంటుంది. ‘శనివారం’ అని చేరిస్తే గడువు కూడా వస్తుంది.

మన ఉమ్మడి నల్గొండ జిల్లా పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న భూమిలేని దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగాయి. అక్కడే ఉన్న వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఎవరు ఇస్తారో, ఎంత ఇస్తారో ఆ ఒక్క మాటలోనే ఉంది. భూదానోద్యమం అక్కడి నుంచే మొదలైంది. అయితే తర్వాత దేశమంతటా ఇస్తామన్న భూమిలో చాలా భాగం పేదల చేతికి చేరనే లేదు. ఏ భాషలో చెప్పినా, నిలబెట్టుకునేదాకా అది సగం మాటే.

అందుకే మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఓకే అనండి, ప్రామిస్ అనండి, వెంటనే ఎవరు, ఎప్పుడు అన్నది చేర్చాలి. వీలుకాకపోతే "కుదరదు బిడ్డా" అని చెప్పాలి. ‘కుదరదు’ వింటే పాప కాసేపు అలుగుతుంది. కానీ అడిగిందే పదిసార్లు అడగడం తగ్గింది.

ఈసారి "పేరెంట్స్ మీటింగ్‌కు వస్తారా?" అని పిల్లలు అడిగితే ‘ష్యూర్’ అనండి. ఎన్ని గంటలకు వస్తారో కూడా చెప్పండి.